పెద్దమ్మ లెక్క

ఎండాకాలం వచ్చిందంటే లోకమంతా నీడ వెతుక్కుంటుంది. మేం మాత్రం వాన కోసం పనిచేస్తాం. గొడుగుల షెడ్డులో బతుకు అంతే. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే, లోపల మేం నల్లగుడ్డ ఒళ్ళో పరుచుకుని ఇనుప ఊచల కొసలకి కుడుతూ కూర్చుంటాం. తొలకరి పడేలోపు సరుకు దుకాణాలకి చేరాలి. లేకపోతే ఆ ఏడాదికి దాని మొహం చూసేవాడుండడు.

ఆ షెడ్డులో ఇప్పటికీ ఒక మాట నడుస్తోంది, పెద్దమ్మ లెక్క అని. రోజుకి ఒక మనిషి ఎన్ని గొడుగులు కుట్టాలో, ఆ లెక్క. కొత్తగా చేరిన పిల్లలు పళ్ళు కొరుక్కుంటూ అంటారు ఆ మాట. "ఎవర్తోగానీ ఆ పెద్దమ్మ, దాని చేతులు పడిపోను" అని కూడా అంటారు. నేను వింటూ కుట్టుకుంటాను. ఆ పెద్దమ్మ మా అత్తయ్య.

అత్తయ్యకి కోపం ముక్కు మీదే ఉండేది. ఒకరిచేత మాట పడేది కాదు. పెళ్ళయి నేను వచ్చిన కొత్తలోనే నన్ను షెడ్డుకి తీసుకెళ్ళి తన పక్క స్టూలు మీద కూర్చోబెట్టింది. "ఇంట్లో కూర్చుని ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటే కొట్టుకు చస్తాం. ఇక్కడ కూర్చో" అంది. ఆ మాట నిజమే. పక్కపక్కన కుడుతుంటే తిట్టుకోవడానికి కూడా తీరిక దొరికేది కాదు. మా ఆయన షెడ్డు చివర్న ఉండేవాడు. కుట్టిన ప్రతి గొడుగునీ టప్పున తెరిచి, కొసలు గట్టిగా ఉన్నాయో లేదో చూసి, మూసి, కట్టలు కట్టడం ఆయన పని. ఇంటికి రావాల్సిన మాటలన్నీ తల్లే వాడేసుకుంది, కొడుక్కి మిగల్లేదు అని అందరూ ఆయన్ని ఏడిపించేవాళ్ళు.

మా చేతికుట్టు ఆడవాళ్ళలో ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం మేస్త్రీ వచ్చి ఎవరి కుప్ప ఎంతో చూసే ముందు, మేమే ఆ కుప్పలన్నీ సరిచేసేవాళ్ళం. చురుగ్గా కుట్టినదాని దగ్గర నాలుగు తీసి వెనకబడ్డదాని దగ్గర పడేసేవాళ్ళం. ఒంట్లో బాగోలేనిదాని కుప్పా, నెల తప్పినదాని కుప్పా, పిల్లాడికి జ్వరమొచ్చి పరధ్యానంగా ఉన్నదాని కుప్పా అందరితో సమానంగానే ఉండేది. అందరం నల్లదారంతోనే కుట్టేవాళ్ళం కాబట్టి ఏది ఎవరిదో ఆ దేవుడికి కూడా తెలిసేది కాదు.

ఆ పద్ధతి మొదలుపెట్టింది అత్తయ్యే. మా అందరికంటే పొడుగ్గా ఉండే ఒకావిడ ఉంది, పొడుగక్క అంటాం. ఆవిడ నెలలు నిండి వంగలేక అవస్థ పడుతున్న రోజుల్లో అత్తయ్య తన కుప్పలోంచి తీసి ఆవిడ కుప్పలో వేసిందట. అప్పట్లో అత్తయ్య చెయ్యి గాలిలా నడిచేదని పొడుగక్క ఎన్నిసార్లు చెప్పిందో. నేను చూసేనాటికి ఆ గాలి తగ్గిపోయింది. అత్తయ్య వేళ్ళ కణుపులు లావెక్కాయి. సూదిలో దారం ఎక్కించడానికి ఊపిరి బిగబట్టేది. సాయంత్రం లెక్క ముందు మొహం కడుక్కోవడానికి ఆవిడ కుళాయి దగ్గరకి వెళ్ళగానే, తలా ఒకటి ఆవిడ కుప్పలో పెట్టేసేవాళ్ళం. ఆవిడ తిరిగొచ్చి, కుప్ప చూసుకుని, వేళ్ళు విరుచుకునేది.

"చూశారా? ఇంకా చేతిలో పస చావలేదు."

"మీతో మేమెక్కడ సరిపోతాం పెద్దమ్మా" అనేది పొడుగక్క. మేం తల వంచుకుని నవ్వాపుకునేవాళ్ళం. అందులో వెటకారం లేదు. ఆవిడ అలా మురిసిపోతుంటే మాకు బాగుండేది.

ఆ ఎండాకాలం మొదట్లో ఓనరు ఒకాయన్ని తీసుకొచ్చాడు. సన్నగా, తెల్లచొక్కా, చేతిలో ఆగే గడియారం. నొక్కితే నడుస్తుంది, నొక్కితే ఆగుతుంది. "ఈ సారు మన పని ఎట్లా జరుగుతోందో చూస్తారు. టైము ఎక్కడ వేస్టవుతోందో చెప్తారు. అడిగినవాటికి సమాధానం చెప్పండి, అడగనివాటికి నోరు మూసుకోండి" అన్నాడు మేస్త్రీ. ఆ సారు పేరు మాకు చెప్పారు గానీ గంట తిరక్కుండానే మేం టిక్‌టిక్ అని పెట్టేశాం.

ఉన్న మాట చెప్పుకోవాలి. టిక్‌టిక్ చెడ్డవాడు కాదు. వచ్చిన కొత్తలో మాకు మంచే చేశాడు. దారపు ఉండల కోసం గది ఆ చివరికి నడిచేవాళ్ళం, ఆ బుట్ట తెచ్చి మా కాళ్ళ దగ్గర పెట్టించాడు. వంగి వంగి నడుం విరుగుతోందని స్టూళ్ళు ఎత్తు చేయించాడు. మా వైపుకి ఒక ఫ్యాను తిప్పించాడు. "మీ ఒంటికి సుఖంగా ఉంటేనే కదమ్మా పని సాగేది" అన్నాడు. అత్తయ్య ఆ రోజు ఇంటికొస్తూ, "వీడెవడో అమ్మ కడుపు చల్లగా పుట్టిన పిల్లాడే" అంది.

తర్వాత ఆయన గడియారం బయటికి తీశాడు. ఒక గొడుగు కుట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసి, రోజుకి ఎన్ని కుట్టాలో టార్గెట్ పెడతారట. ఆ సంగతి తెలియగానే పొడుగక్క టీ టైములో మమ్మల్నందరినీ దగ్గరికి పిలిచింది.

"ఆయనొచ్చి వెనక నిలబడ్డాడంటే చేతికి తిమ్మిరెక్కినట్టు కుట్టండి. ముడి విప్పండి, మళ్ళీ వెయ్యండి. ఎవతైనా షోకులకి పోయి గబగబా కుట్టిందా, అందరి కొంపా మునుగుతుంది. పెద్దమ్మా, వింటున్నారా?"

"నాకు చెప్తున్నావా? నేనెప్పుడో ఇలాంటి గడియారాలు పుట్టక ముందునుంచీ ఉన్నా ఇక్కడ" అంది అత్తయ్య.

మర్నాడు టిక్‌టిక్ మా వరసంతా ఎగాదిగా చూసి, తిన్నగా వచ్చి అత్తయ్య పక్కన నిలబడ్డాడు. "ఈ అమ్మగారి పని చూస్తాను" అన్నాడు. మాకు హమ్మయ్య అనిపించింది. అందరికన్నా నెమ్మదైన చెయ్యి అది. అప్పుడు మేస్త్రీ అడ్డొచ్చాడు. గొంతు తగ్గించాననుకున్నాడు గానీ అందరికీ వినబడింది.

"ఆవిడ వద్దు సార్. పాపం ముసలావిడ, చేతకావడం లేదు. ఏదో పాతమనిషి కదాని ఉంచుతున్నాం. ఈ సీజన్‌తో సరి. వేరేవాళ్ళని చూడండి."

అత్తయ్య తలెత్తలేదు. చెవుల చివరలు మాత్రం ఎర్రబడ్డాయి. ఆవిడతో కాపురం చేసినదాన్ని, ఆ చెవులు నాకు తెలుసు.

"ఏం పరవాలేదు" అన్నాడు టిక్‌టిక్, గడియారం నొక్కుతూ. "మొదలుపెట్టండమ్మా."

అత్తయ్య మొదలుపెట్టింది. ఆ చెయ్యి నేను అంతకుముందు చూడలేదు. పొడుగక్క చెప్పిన చెయ్యి అది. సూది గుడ్డలోంచి వచ్చేది మాత్రమే కనబడేది, వెళ్ళేది కనబడేది కాదు. ఒక కొస, ఇంకో కొస, ముడి, పళ్ళతో దారం తెంపడం, గొడుగు పక్కకి, ఇంకోటి ఒళ్ళోకి. "అత్తయ్యా" అన్నాను మెల్లగా. కాలితో తన్నాను కూడా. నావైపు చూడలేదు. పొడుగక్క దగ్గింది, మళ్ళీ దగ్గింది. షెడ్డు చివర మా ఆయన గొడుగు తెరిచి మూయడం మర్చిపోయి నిలబడ్డాడు. టీ గంట కొట్టేదాకా అత్తయ్య ఆగలేదు. ఆగి, మేస్త్రీ వైపు తిరిగింది.

"చేతకావడం లేదు కదూ?" అంది.

మేస్త్రీ మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. టిక్‌టిక్ గడియారం వైపు చూసి, అత్తయ్య వైపు చూసి, కాస్త ఇబ్బందిగా నవ్వాడు. అత్తయ్య కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు నీళ్ళలో పెట్టుకుని చాలాసేపు నిలబడింది. నేను వెళ్ళి చూస్తే కణుపులు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి.

"ఏం పని చేశారు అత్తయ్యా! ఇప్పుడు మనల్ని బతకనిస్తారా?"

"నన్ను తీసేస్తానన్నాడే వాడు. అందరి ముందూ. స్టూలు పోతే నేనేం చెయ్యను? గోడలు చూస్తూ కూర్చోనా?" అంది. ఆవిడ గొంతులో భయం అప్పుడే మొదటిసారి విన్నాను. తిట్టబోయి ఊరుకున్నాను.

ఆ వారంలోనే టార్గెట్ చెప్పారు. ఒక్క విడత చూసినదాన్ని పొద్దున్నించి సాయంత్రం దాకా సాగదీసి కట్టిన లెక్క. అందులో నడుం నొప్పి లేదు, సూది విరగడం లేదు, మధ్యాన్నం ఫ్యాను కింద కూడా కళ్ళు మూతలు పడే ఆ సమయం లేదు. "పెద్దావిడే ఇంత కుట్టగలిగినప్పుడు మీకేం రోగం?" అన్నాడు మేస్త్రీ. పెద్దమ్మ లెక్క అని మొదట అన్నది వాడే. అందరూ మా ఇద్దరి వైపూ చూశారు.

ఇంకో సంగతి కూడా చెప్పారు. ఇకనుంచి నల్లదారం లేదు. ఎవరి రంగు వాళ్ళది. ఏ గొడుగు ఎవరు కుట్టారో, ఏ కుట్టు ఎవరిది వదులైందో తెలియాలి కదా. గొడుగు లోపల కనబడీ కనబడనట్టుండే కుట్టు, కొనేవాడు పట్టించుకోడు. పొడుగక్కకి ఆకుపచ్చ ఇచ్చారు. నాకు పసుపు. అత్తయ్యకి నీలం.

ఆ మొదటి సాయంత్రం నేను మర్చిపోను. అత్తయ్య ఎప్పటిలాగే మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. మేం ఎప్పటిలాగే చేతులు చాచి, ఆగిపోయాం. ఆకుపచ్చ గొడుగు తీసుకెళ్ళి నీలం కుప్పలో పెడితే ఏం లాభం? ఎక్కడివాళ్ళం అక్కడే కూర్చున్నాం. అత్తయ్య తిరిగొచ్చి తన కుప్ప చూసుకుంది. సగం కూడా లేదు. చుట్టూ చూసింది. నా కుప్ప చూసింది, పొడుగక్క కుప్ప చూసింది.

"నావి ఎవరు తీశారు?"

అందరం సూదులు సర్దుకుంటున్నట్టు తలలు వంచుకున్నాం.

"అడుగుతుంటే మాట్లాడరేం? నావి తీసి ఎవరు దాచారు? కోపముంటే మొహం మీద తిట్టండి, ఇదేం పాడుబుద్ధి!"

పొడుగక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దారపు ఉండ చుట్టుకుంటూ కూర్చుంది. అత్తయ్య నావైపు తిరిగింది. నా మొహంలో ఆవిడకి ఏం కనబడిందో గానీ, స్టూలు మీద కూర్చుంది. కొంచెంసేపటికి, "ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"అత్తయ్యా, పదండి ఇంటికెళ్దాం" అన్నాను.

దారిలో ఆవిడ వేళ్ళు విరుచుకోలేదు. మా ఆయన మా వెనక నడిచాడు. ఇంటికెళ్ళాక కంచం ముందు కూర్చుని, "అందరూ నవ్వుకునేవాళ్ళా?" అని అడిగింది. "లేదు అత్తయ్యా, ఒట్టు" అన్నాను. నవ్వుకున్నాం, కానీ ఆ నవ్వు ఎలాంటిదో నేను ఆవిడకి ఎలా చెప్పేది?

ఆ తర్వాత షెడ్డు షెడ్డులా లేదు. ఒకప్పుడు కుడుతూ మొగుళ్ళనీ, అత్తల్నీ, మేస్త్రీ బట్టతలనీ ఏకిపారేసేవాళ్ళం. ఇప్పుడు తలెత్తితే ఒక గొడుగు వెనకబడతాం. ఎవరి కుప్ప వాళ్ళది, ఎవరి ఏడుపు వాళ్ళది. నెల తప్పిన పిల్ల ఒకతి బెంచీ మీద తల వాల్చి పడుకుంటే, చూసి కూడా ఎవరూ లేవలేదు. నేనూ లేవలేదు. ఇక మాతో అయితే మాటలే బంద్. టీ తాగడానికి మేం వెళ్ళి నిలబడితే అందరూ గ్లాసులు పట్టుకుని పక్కకి జరిగేవాళ్ళు. పొడుగక్క కూడా. నా ఒళ్ళు మండిపోయేది. అయినా వాళ్ళనేం అంటాను? వాళ్ళ వేళ్ళకి చుట్టుకున్న గుడ్డపీలికలు కనబడుతూనే ఉన్నాయి.

అత్తయ్య ఆ లెక్క అందుకోవాలని ప్రాణం పెట్టి కుట్టింది. టీకి లేవడం మానేసింది. కుళాయికి వెళ్ళడం మానేసింది. కుట్టు వదులైపోయేది. మా ఆయన గొడుగు తెరవగానే నీలం దారం కొస ఊడి గుడ్డ వేలాడేది. ఊడినవి వెనక్కి పంపాలి, అది ఆయన పని. ఆయన పంపకుండా కాళ్ళ కింద దాచేవాడు. కొన్నాళ్ళకి మేస్త్రీ చూసి అందరి ముందూ వాటిని బయటికి తన్నాడు. ఆ రోజు నుంచి మా ఆయన తల్లి గొడుగుల్ని తనే మోసుకొచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళేవాడు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు కాదు.

చివరికి నేను రెండో సూదిలో నీలం దారం ఎక్కించాను. ఒళ్ళో గుడ్డ కింద దాచిపెట్టి, నావి రెండు కుడితే ఆవిడవి ఒకటి కుట్టి, అటు జరిపేదాన్ని. ఆవిడకి తెలుసు. ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ అనిపించింది. మాట పడని మనిషి చేతిలోకి దొంగసొమ్ములా గొడుగు జరుపుతుంటే, తలొంచుకుని తీసుకునేది.

నీలం కుప్ప పెరిగింది. పసుపు కుప్ప తరిగింది. తొలకరి ముందు మబ్బులు పట్టి, ఓనరు రోజుకి రెండుసార్లు షెడ్డుకి వచ్చిపోతున్న రోజుల్లో మేస్త్రీ నా ముందు నిలబడ్డాడు.

"మీ అత్తని చూసి నేర్చుకో. ఆ వయసులో ఆవిడ అందుకుంటోంది. నీకేమైంది? రేపట్నించి రావద్దని నాచేత అనిపించుకోకు."

నేను నోరు తెరవబోయాను. అత్తయ్య సూది గుడ్డకి గుచ్చి లేచింది. టిక్‌టిక్ అవతల ఓనరుతో ఏదో చెప్తున్నాడు. నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళింది. నడుస్తుంటే అందరి సూదులూ ఆగాయి.

"బాబూ, నన్ను మళ్ళీ కొలువు."

"ఎందుకమ్మా? మీది బాగానే వస్తోంది కదా."

"నాది కాదది. నా కోడలు కుడుతోంది నా దారంతో. దాన్నేం అనకండి." ఊపిరి తీసుకుంది. "ఏళ్ళ తరబడి వీళ్ళందరూ నాకు కుట్టిపెడుతున్నారు. నాకు తెలీదు. ఆ రోజు నువ్వు చూసింది నా పని కాదు బాబూ, నా పంతం. నువ్వు పంతానికి లెక్క కట్టావు. అది ఎవరూ రోజంతా చెయ్యలేరు. నేనే చెయ్యలేను. తగ్గించు."

అత్తయ్య నోట చెయ్యలేను అన్న మాట నేను వినడం అదే మొదటిసారి.

టిక్‌టిక్ మొహం పాలిపోయింది. ఓనరు వైపు చూసి, గొంతు బాగా తగ్గించి, "అందరిలోకి మీరు పెద్దవారని మిమ్మల్ని ఎంచుకున్నానమ్మా. మీ చేతికి తగ్గట్టు పెడితే అందరికీ సులువుగా ఉంటుందని" అన్నాడు.

అత్తయ్య నిలువునా నీరైపోయింది. పక్కనున్న గొడుగుల కట్ట మీద చెయ్యి ఆనించుకుంది.

"అయితే ఇప్పుడు మార్చు" అంది.

"ఆ లెక్క మీదే దుకాణాలకి మాటిచ్చేశాం" అన్నాడు ఓనరు. ఆయన గొంతు పెంచలేదు కూడా. "అందరూ చేస్తున్నారుగా. ఇప్పుడెందుకు మార్చడం?"

మిగతాది మేస్త్రీ అందుకున్నాడు. "కుట్టలేనని నువ్వే అన్నావుగా పెద్దమ్మా. మరి స్టూలెందుకు? గేటు బయట పని కోసం మనుషులు నిలబడున్నారు."

అత్తయ్య తిరిగి వచ్చింది. సూది దిగకుండా మధ్యవేలికి పెట్టుకునే ఇనుప టోపీని తీయబోయింది. కణుపు వాచి రాలేదు. నేను పట్టి లాగాను. అది నా ఒళ్ళో వేసి, "నీకు సరిపోతుందిలే" అంది. అప్పుడు పొడుగక్క లేచింది. ఎన్నాళ్ళకో మాతో మాట్లాడింది.

"పదండి పెద్దమ్మా, గేటు దాకా వస్తా."

"ఏయ్, కూర్చో" అన్నాడు మేస్త్రీ. "టైము."

పొడుగక్క ఒక్క క్షణం నిలబడింది. తన కుప్ప వైపు చూసుకుంది. కూర్చుంది. నేను కూడా లేవలేదు. షెడ్డు చివర టప్పున ఒక గొడుగు తెరుచుకుంది, మూసుకుంది. ఇంకోటి తెరుచుకుంది. అత్తయ్య ఒక్కతే గేటు దాటింది.

తొలకరి పడింది. మా సరుకు వేళకి చేరింది. ఓనరు సంతోషంగా ఉన్నాడన్నారు. టిక్‌టిక్ ఇంకో షెడ్డుకి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి, "అమ్మగారు ఎలా ఉన్నారు?" అని అడిగాడు. "గోడలు చూస్తున్నారు" అన్నాను.

నిజంగానే చూసేది. కిటికీ పక్కన కూర్చుని, చేతులు ఒళ్ళో బోర్లా పెట్టుకుని, మేం వచ్చేదాకా ఎదురుచూసేది. రాగానే ఒకటే ప్రశ్న.

"ఇవాళ అందుకున్నారా?"

మొదట్లో నేను ఉన్నదున్నట్టు చెప్పాను. "ఎక్కడ అత్తయ్యా, చస్తున్నారు. ఇవాళ ఇద్దరు మానేశారు" అనేదాన్ని. ఆవిడ ఇంకేం అడిగేది కాదు. ముద్ద మింగేది కాదు. మనిషి చిక్కి సగమైపోయింది. అప్పుడనిపించింది నాకు, ఈ నిజం ఎవరికి కావాలి, తగలెట్టనా అని.

ఒకరోజు వానలో తడిసి ఇంటికి చేరేసరికి ఆవిడ అదే అడిగింది. తల తుడుచుకుంటూ, మామూలుగా చెప్పాను.

"అందరూ అందుకుంటున్నారు అత్తయ్యా. అలవాటైపోయింది. నిన్నగాక మొన్న చేరిన పిల్ల కూడా దాటేసింది."

"నిజమే?"

"మీమీద ఒట్టు."

ఎగిరిపడుతుందనుకున్నాను. తన చేతికి సాటి చెయ్యి లేదని ఊరంతా చెప్పుకున్న మనిషి. కాసేపు వాన వైపు చూసింది.

"అయితే నాదేం గొప్ప చెయ్యి కాదన్నమాట" అంది. తర్వాత నవ్వింది. ఆ ఎండాకాలం మొదలయ్యాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. "పోన్లే తల్లీ. పోన్లే. అంత చేటేం చెయ్యలేదన్నమాట నేను. ఆకలేస్తోంది, ఏదైనా పెట్టు." అని నావైపు చెయ్యి చాచింది. "ఏదీ, నీ చేతులు చూపించు."

"బట్టలు తడిసిపోతున్నాయి అత్తయ్యా" అని పెరట్లోకి పరిగెత్తాను.

లోపల ఆవిడ కొడుకుతో చెప్తోంది. "విన్నావురా? అందరూ అందుకుంటున్నారట." మా ఆయన కంచం తీసి ఆవిడ ముందు పెట్టాడు. తీగ మీది బట్టలకి పెట్టిన క్లిప్పులు నొక్కడానికి నా వేళ్ళు వంగలేదు. ఒక్కొక్కటే పళ్ళతో లాగాను.